మా అత్త పథ్యం

మా అత్త గున్నమ్మ యాభై ఒకటో ఏట ప్రసవించిందని కళింగపట్నం రేవులో ఒక పూటంతా చెప్పుకున్నారు. ఆడపిల్లని కొందరన్నారు, కాదు మగపిల్లాడని కొందరన్నారు. బరువు కూడా తూచేశారు, రెండున్నర కిలోలట. ఆ పుకారు పుట్టింది మా ఇంట్లోనే, పుట్టించింది నేనే. నా పేరు దేవి, ఆవిడ కోడలిని. నా నోరు కాస్త దురుసని మా ఆయన భాస్కర్ అంటుంటాడు. నిజమే. కానీ ఆ నోరు లేకపోతే మా అత్త ఈపాటికి మంచం పట్టి ఉండేది.

మా ఇంట్లో ఆడవాళ్ళం ఐదుగురం. అందరికంటే పెద్ద కూర్మమ్మ, అంటే మా మామ జోగయ్య తల్లి. డెబ్భై ఆరేళ్ళు, పళ్ళు నాలుగే ఉన్నాయి గానీ మాట మాత్రం ఒక్కటీ ఊడలేదు. ఆమె తర్వాత మా అత్త. ఆ తర్వాత నేను, పెళ్ళయి మూడేళ్ళయింది, పుట్టిల్లు నౌపడ ఉప్పుమళ్ళ దగ్గర. నా తర్వాత ఆడపడుచు తులసి, తొమ్మిదో తరగతి. అందరికీ చిన్నది నా కూతురు, అప్పటికి ఎనిమిది నెలలది. మగవాళ్ళు ఇద్దరే, మామా, మా ఆయనా. తెల్లవారకముందే పడవ మీద పోతారు, ఎండెక్కాక వస్తారు.

వాళ్ళు తెచ్చిన చేపను అమ్మేది అత్త. రేవులో వేలం దగ్గర నిలబడి బయట పడవల చేప కూడా కొంటుంది. గంప నిండాక నెత్తికెత్తుకుని, ఆటో ఎక్కి శ్రీకాకుళం బజారుకు పోతుంది. అక్కడ మూల మీద ఆవిడకో జాగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా అది గున్నమ్మ జాగానే. అక్కడికి వచ్చేవాళ్ళు చేపను చూడరు, అత్త ముఖం చూసి కొంటారు. ఆవిడ ఒకటి బాగోలేదంటే బాగోలేనట్టే.

ఇంట్లో అందరికీ తిండి పెట్టేదీ ఆవిడే. కిందటేడు తులసికి సమర్త అయినప్పుడు, నువ్వులూ బెల్లమూ రోట్లో దంచి రోజుకింత చిమ్మిలి చేసి, దగ్గర కూర్చుని మరీ తినిపించింది. "ఎదిగే గుంటవి, ఎముకలు గట్టిపడాల" అని, స్నేహితురాలి దగ్గరికి పారిపోబోతే జడ పట్టుకుని లాక్కొచ్చింది. నా పురిటికి చేసిన పథ్యమైతే నేను చచ్చేదాకా మర్చిపోను. మూలన మంచం వేసింది, నెత్తికి గుడ్డ కట్టింది, చెవుల్లో దూది పెట్టింది. పొద్దున్నే శొంఠీ పిప్పళ్ళూ వెల్లుల్లీ బెల్లమూ నూరిన కాయం ముద్ద, మధ్యాహ్నం ఎండు నెత్తళ్ళ వేపుడు, రోజు మార్చి రోజు సొరపుట్టు. పాలసొరను పసుపు వేసి ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా చిదిపి, ఉల్లీ వెల్లుల్లీ మిరియాలూ వేసి వేయించితే అదే సొరపుట్టు. తింటే బాలింతకు పాలు పడతాయని మావాళ్ళ నమ్మకం. నాకు పడ్డాయో లేదో నా కూతురి బుగ్గలు చూసి చెప్పొచ్చు.

ఇంతమందికి పెట్టే మనిషి తను తినగా నేను చూడలేదు. మగవాళ్ళకు నడిమి ముక్కలు, ముసలమ్మకు ముళ్ళు లేని ముక్క, నాకూ తులసికీ తలో రెండు, చివరికి కుండ అడుగున మిగిలిన పులుసు ఆవిడకు. అడిగితే "నాను బజార్లో తినేసినాను" అంటుంది. ఇంట్లో సొరపుట్టు చేసిన రోజు ఇంకో మాట. "సొర నాకు పడదే, నువ్వు తిను." నేనూ నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉండేది మరి, ముక్క నా పళ్ళెంలోకి వచ్చేది కదా.

శ్రావణ మాసంలో ఒక పొద్దున అత్త ఆటోల స్టాండు దగ్గర పడిపోయింది. గంప నెత్తికెత్తుకుంటూనే కళ్ళు తిరిగాయట. గంపలోని కవళ్ళ చేపలు రోడ్డంతా జారిపోయాయి. లేచి కూర్చున్నాక మంచినీళ్ళు అడగకుండా కాకుల్ని తోలమందని ఆటో డ్రైవరు చెప్పాడు. పక్కనున్న టీకొట్టు ఆవిడ ఇంకో మాట చెప్పింది, అది విన్నాక నాకు ఒళ్ళు మండింది. "మీ అత్త రోజంతటికీ నా కాడ రెండు టీలు, బజార్లో రెండు టీలు, నాలుగు బిస్కట్లు. తిండి తినగా నేనైతే సూళ్ళేదమ్మా."

ఆ వారంలోనే మా వీధికి ఏఎన్ఎం అనూరాధ మేడం వచ్చింది, రక్తం పరీక్ష చేయడానికి. నేను ఇంట్లో నలుగురినీ వరసగా కూర్చోబెట్టాను. వేలు గుచ్చి ఒక చుక్క తీసి ఆ చిన్న మిషనులో పెడుతూ పైకే చదివింది. తులసికి పన్నెండు, ఆడవాళ్ళకు అంతుంటే చాలట. నాకు పదకొండున్నర. కూర్మమ్మకు పదకొండు. అత్తకు ఏడు.

అత్తకు ఏడు అన్న మాట ఎక్కలేదు, పదకొండు ఎక్కింది. "ఏటీ, మా అత్తకి నాకన్నా ఎక్కువున్నాదా" అని మిషను వైపు అనుమానంగా చూసింది.

కూర్మమ్మ నాలుగు పళ్ళూ కనిపించేలా నవ్వింది. "నాను తింతన్నాను గదే."

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి మిగతా పరీక్షలన్నీ చేయించాం. కడుపులో వేరే జబ్బేమీ లేదు. డాక్టరమ్మ అడగ్గా అడగ్గా అత్త ఒప్పుకుంది, ముట్లు ఆగిపోయే ముందు నాలుగేళ్ళు చాలా ఎక్కువగా అయ్యేదని. అవి ఆగి ఏడాది దాటింది. పోయిన రక్తం పోయినట్టే ఉంది, మళ్ళీ పట్టడానికి తిండి లేదు. మాత్రలు రాసిచ్చి, మాత్రలతో పాటు తిండి కూడా మందేనని చెప్పి, ఆ డాక్టరమ్మ ఒక షరతు పెట్టింది. రక్తం పది దాటే వరకు గంప నెత్తికెత్తకూడదు.

"పది ఎప్పటికి దాటతాదమ్మా?"

"సరిగ్గా తింటే మూడు నెలలు."

అత్త వేళ్ళు మడిచి లెక్క వేసుకుంది. ఆ లెక్క నాకు తెలుసు. కార్తీక మాసం నెల రోజులూ సగం ఊరు చేప ముట్టదు. ఆ నెల వెళ్ళిన మర్నాడు మాత్రం నోరు కట్టుకున్న జనమంతా బజారు మీద పడతారు. ఏడాదంతటికీ మావాళ్ళకు అదే పెద్ద రోజు. ఆ రోజు జాగాలో మనిషి లేకపోతే ఆ జాగా ఇంకొకరిది అయిపోతుంది, అది బజారు కట్టుబాటు. ఆ మూల మీద ఇద్దరు ముగ్గురి కన్ను అప్పటికే ఉంది.  ఇంటికొచ్చి అత్త గంపను కడిగి, బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. ఇంట్లో ఎవరు చచ్చిపోయినా ఆవిడ ముఖం అలా అవ్వలేదు.

బజారుకు మామూలుగా అయితే నేను వెళ్ళాలి, చంటిదానితో కుదరదు. చేప రేవులోనే తెగనమ్మేశాం. అత్త ఇంట్లో ఉంది కాబట్టి ఇక తింటుందనుకున్నాను. ఏం తింటుంది. వడ్డన మొదలుపెట్టగానే లేచి నిలబడుతుంది, అందరూ చేతులు కడిగేదాకా కూర్చోదు. కూర్చోబెట్టి ముక్క వేస్తే, నేను అటు తిరిగేసరికి అది నా పళ్ళెంలో ఉంటుంది. గుడ్డు పెడితే తులసి నోట్లో పోతుంది. చోడి అంబలి, అదే రాగి అంబలి, కలిపి ఇస్తే, నా కూతురి గిన్నెలో సగం ఒంపేసి "దానికి దంతాలొస్తన్నాయి" అంటుంది. నెలకు అనూరాధ మేడం మళ్ళీ వచ్చి పరీక్ష చేస్తే ఏడుంపావు.

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"రోజూ ఏసుకుంతన్నానమ్మా. టీతోటి."

అనూరాధ మేడం తల పట్టుకుంది. "టీతో వేసుకుంటే ఆ ఇనుమంతా ఒంటికి పట్టకుండానే పోతుంది గున్నమ్మగారూ. నిమ్మకాయ నీళ్ళతో వేసుకోండి. టీ మానలేకపోతే రెండు గంటలు ఆగి తాగండి."

ఆ రాత్రి నాకు కోపంతో నిద్ర పట్టలేదు. తిండి లేక కాదు, ఇంటి నిండా చేప. తినమనేవాళ్ళు లేక కాదు, నేను అరుస్తూనే ఉన్నాను. ఈ మనిషికి కూర్చుని తినడం రాదు, అంతే. ఎప్పుడూ నేర్చుకోలేదు. మా ఇంట్లో ఆడది లేవకుండా కూర్చుని తిన్నదెప్పుడని ఆలోచించాను. నాకు గుర్తొచ్చింది ఒకటే, నా పురుడు. బాలింత మంచం దిగకూడదు. పెట్టింది వదలకూడదు. తన పళ్ళెంలోది ఇంకొకరికి పెట్టకూడదు, పెడితే బిడ్డకు దిష్టని మావాళ్ళంటారు. ఆ నలభై రోజులూ కూర్మమ్మ కూడా నా మాటకు ఎదురు చెప్పలేదు.

పొద్దున్నే నెత్తికి కట్టే గుడ్డ ఒకటి ఉతికి ఆరేశాను. మూలన మంచం వేశాను. అత్త వాకిలి ఊడ్చి లోపలికి రాగానే చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి, గుడ్డ కట్టేశాను.

"ఏటే ఇది?"

"ఇవాల్టినుంచి నువ్వు బాలింతవి. నలభై రోజులు మంచం దిగితే ఊరుకోను."

"నీకు పిచ్చి పట్టినాదేటే. నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ. వాళ్ళ రక్తం ఏడు కాదు గదా."

అత్త గుడ్డ విప్పబోయింది. ఆ రోజు వేటకు పోని మామ అప్పుడే పడవకు డీజిలు డబ్బా తీసుకుని రేవుకు బయలుదేరుతున్నాడు. మా మామ రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు, అందులో ఆరు సముద్రంతోనే. గుమ్మం దగ్గర ఆగి భార్యను చూశాడు. "గుడ్డ బాగున్నాది, ఉంచు" అని వెళ్ళిపోయాడు. అత్త ముఖం ఎర్రబడింది. రక్తం ఏడే అయినా సిగ్గుకు సరిపోయింది.

పుకారు మొదలైంది ఆ పూటే. మామ రేవులో పడవ పడవ దగ్గరికీ వెళ్ళి, పాలసొర ఉందా, బాలింతకు కావాలి అని అడిగాడట. అది మామూలు మాటే. మా రేవులో బాలింతకంటే ఎవరైనా వేలంలో పెట్టకుండా పాలసొర ఇచ్చేస్తారు. పక్క పడవ లక్ష్ముడు ఒక జత చేతిలో పెట్టి, "కోడలికి అప్పుడే మళ్ళీనా" అని అడిగాడు. "కోడలికి కాదు, గున్నమ్మకి" అన్నాడు మామ. ఆ రోజు కోటా మాటలు అయిపోయాయి కాబోలు, ఇంకేమీ చెప్పకుండా వచ్చేశాడు.

ఇక చూడండి. మధ్యాహ్నానికి మా వాకిట్లో పదిమంది ఆడవాళ్ళు. ఒకామె అరడజను గుడ్లు తెచ్చింది, ఇంకొకామె వెల్లుల్లి, మరొకామె ఏకంగా పాత చీర చింపి పిల్లకు పక్కగుడ్డలు తెచ్చింది. లోపలికి వచ్చి చూస్తే అత్త నెత్తికి గుడ్డతో మంచం మీద ఉంది, పక్కన నా కూతురు నిద్రపోతోంది. వాళ్ళ తప్పేముంది.

దుర్గప్ప అత్తకు చిన్ననాటి స్నేహితురాలు. బుగ్గ నొక్కుకుంది. "ఓలమ్మా, కడుపు కనిపించనే లేదేటే గున్నా. పిల్ల ఇంత పెద్దదున్నాదేటి?"

"అది నా మనవరాలే, సచ్చినదానా" అంది అత్త.

నేను జరిగింది చెప్పాను. నవ్వీ నవ్వీ దుర్గప్ప గోడకు ఆనుకుంది. కానీ గుడ్లు వెనక్కి తీసుకెళ్ళలేదు. వెళ్తూ వెళ్తూ అనూరాధ మేడం మళ్ళీ ఎప్పుడు వస్తుందని నన్ను గుమ్మం దగ్గర నెమ్మదిగా అడిగింది. తనకూ ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందట.

వాళ్ళు వెళ్ళాక పాలసొర కోయడానికి కత్తిపీట ముందేసుకున్నాను. మంచం మీంచి అత్త ఎప్పటి మాటే అంది.

"అది నాకు పడదే దేవీ. నెత్తళ్ళు ఎట్టు, తింతాను. సొర నువ్వూ తులసీ తినండి."

అప్పటిదాకా వాకిట్లో ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చున్న కూర్మమ్మ కర్ర పట్టుకుని లేచింది.  నెమ్మదిగా లోపలికొచ్చి నా పక్కన చతికిలబడి, కత్తిపీట తన వైపు లాక్కుంది.

"పడకపోడం ఏటి. దానికెప్పుడైనా ఎడితే గదా పడతాదో లేదో తెలిసీది."

అత్త తల దించుకుంది. నాకు అర్థం కాలేదు.

కూర్మమ్మ సొర తోక కోస్తూ చెప్పింది, ముఖం ఎత్తకుండా. "నీ మొగుడు పుట్టినప్పుడు. ఆ ఏడు తుఫానుకి మా తెప్పా వలలూ పోయినాయి. ఎవులో దయ తలిసి ఒక్క పాలసొర ఇచ్చినారు, బాలింతకని. నాను వండినాను. వండి, ఎవుల తెప్పమీదో కూలికెల్లే నా కొడుకులిద్దరికీ ఎట్టేసినాను. ఇదిగో, ఈ మూలే. ఇది పిల్లోడికి పాలిస్తా కూకున్నాది. దీనికి గంజి ఇచ్చినాను. తొమ్మిదో రోజున గంప నెత్తి మీద ఎట్టి పంపినాను."

"ఇప్పుడెందుకత్తా అయన్నీ" అంది అత్త.

"నువ్వు అడగలేదు."

"అడిగితే మాత్రం ఎక్కడినుంచి తెస్తావు. ఇంట్లో ఉన్నది ఒకటే గదా."

"వాసన రాలేదేటే నీకు?"

 నా కూతురు నిద్రలో కదిలితే అత్త జోకొట్టింది. తర్వాత అంది, "వచ్చినాది. అప్పటి కాడినుంచే పడదని సెప్పుకున్నాను. పడదనుకుంటే ఆశ ఉండదు గదత్తా."

నేను అక్కడే ఏడ్చేశాను. మూడేళ్ళుగా ఆ ముక్కలన్నీ నా పళ్ళెంలోకి తీసుకున్నది నేనే కదా, ఏడవక ఏం చేస్తాను. కూర్మమ్మ మాత్రం ఏడవలేదు. ముక్కలు కడిగి, పసుపు వేసి, పొయ్యి మీద పెట్టమని నాకు గిన్నె అందించింది. ఉడికాక తోలు తీసింది, పొడి చేసింది, ముల్లు ఉందేమోనని పిడికెడు పిడికెడూ తడిమి చూసింది. వేయించడం కూడా నన్ను చేయనివ్వలేదు. వెల్లుల్లి ఎక్కువేసింది, మిరియాలు ఇంకా ఎక్కువేసింది. పళ్ళెంలో వేడన్నం, మీద పుట్టు పెట్టుకుని, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో పళ్ళెం, ఆ మూడడుగులూ తనే నడిచి కోడలి ముందు పెట్టింది.

"తిను. ముప్పై ఏళ్ళు ఆలీసమైపోనాది."

అత్త మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మేమంతా చూస్తున్నాం. బడినుంచి అప్పుడే వచ్చిన తులసి సంచీ దించకుండా చూస్తోంది. అత్త నమిలి, మింగి, అత్తగారి వైపు చూసింది.

"ఉప్పు తక్కువైనాది" అంది.

కూర్మమ్మ నవ్వుతూ దగ్గుతూ ఉప్పు డబ్బా కోసం వెనక్కి తిరిగింది. ఆ రోజు మా ఇంట్లో ఉన్నంత సంతోషం నా పెళ్ళికి కూడా లేదు, మా ఆయన ఏమనుకున్నా సరే.

అయితే పథ్యం అంతా సాఫీగా సాగిందని చెప్పను. పథ్యంలో కొన్ని పాత పట్టింపులు ఉన్నాయి, వాటి మీద నాకూ ముసలమ్మకూ రోజూ పోట్లాటే. బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదంటుంది, ఆకుకూర ముట్టకూడదంటుంది. నా పురుడప్పుడు దాహంతో నాలుక పిడచకట్టుకుపోయినా భరించాను, ఈసారి భరించదలచుకోలేదు. అనూరాధ మేడాన్ని పిలిచి తీర్పు చెప్పమన్నాను. ఆవిడ మంచి మనిషి, ఇద్దరినీ గెలిపించింది. నెత్తళ్ళూ సొరా గుడ్డూ నువ్వులూ అన్నీ మంచివే, ఇంకా పెట్టండి, నీళ్ళు మాత్రం కడుపు నిండా తాగాలి, బాలింతలైనా సరే, మునగాకు కూడా వెయ్యండి అంది. కూర్మమ్మ కాసేపు గొణిగింది. మర్నాడు పొద్దున చూస్తే వెనక పెరట్లో కర్రతో మునగ కొమ్మ వంచుతోంది.

అలా సాగింది. పొద్దున నిమ్మకాయ నీళ్ళతో మాత్ర, తర్వాత చోడి అంబలి. మధ్యాహ్నం ముళ్ళతో సహా నమిలే నెత్తళ్ళు, మునగాకు పప్పు. సాయంత్రం చిమ్మిలి ఉండ ఒకటి అత్తకు, ఒకటి తులసికి, ఒకటి నాకు. ముసలమ్మకు ఆ నాలుగు పళ్ళూ చాలవు కాబట్టి ఆమె ఉండను తులసి పొడి చేసి పెట్టేది. నా కూతురు అంబలి గిన్నెలో చెయ్యి ముంచి మంచమంతా పూసేది. మూలన ఆ ఒక్క మంచం చుట్టూ ఐదుగురం చేరి తినేవాళ్ళం. మగవాళ్ళు వచ్చేసరికి మా తిండి అయిపోతే, మా ఆయన కుండలోకి తొంగి చూసి "మాకేటైనా ఉంచినారా" అని అడిగేవాడు. అడగనీ అని ఊరుకునేదాన్ని.

నలభయ్యో రోజు తలకు నీళ్ళు పోసి పరీక్ష చేయిస్తే తొమ్మిది. పది కాదు. అత్త ముఖం వాడిపోయింది. కార్తీకం పది రోజుల్లోకి వచ్చేసింది అప్పటికి. "పెద్ద రోజుకి ఇంక నలభై రోజులే ఉన్నాయే" అని బోర్లించిన గంప వైపు చూసింది. బజారునుంచి దుర్గప్ప కబురు కూడా తెచ్చింది, ఆ మూల మీద ఒకామె అప్పుడే బల్ల వేసి చూసుకుంటోందని.  కూర్మమ్మే ఉతికిన గుడ్డ మళ్ళీ తీసి కోడలి నెత్తికి కట్టింది. "కవల పిల్లలనుకో. ఇంకో నలభై రోజులు" అంది.

కార్తీకం ముగియడానికి రెండు రోజుల ముందు అనూరాధ మేడం వచ్చింది. వేలు గుచ్చుతుంటే అత్త కళ్ళు మూసుకుంది, ముసలమ్మ మిషను దగ్గరికి తల పెట్టింది, చదవడం రాకపోయినా. అనూరాధ మేడం అంకె చూసి, ఇంకోసారి చూసి, మిషను నా వైపు తిప్పింది. పదీ పాయింటు నాలుగు.

"నన్ను దాటలేదు గదా" అని అడిగింది కూర్మమ్మ.

ఆ పెద్ద రోజున మూడింటికే లేచాం. రేవులో వేలం దగ్గర అత్త గొంతు విని పడవల వాళ్ళంతా తిరిగి చూశారట. మాత్రలు ఇంకా కొన్నాళ్ళు మానకూడదని, గంప సగమే నింపాలని డాక్టరమ్మ చెప్పింది. కాబట్టి గంప రెండయింది, ఒకటి దుర్గప్ప మోసింది. గుమ్మం దగ్గర గంప ఎత్తడానికి నేను చెయ్యి వేయబోతే కూర్మమ్మ నన్ను పక్కకు నెట్టింది. ముప్పై ఏళ్ళ కిందట తొమ్మిదో రోజున ఎత్తిన గంపను ఈసారి ఎనభయ్యో రోజు దాటాక ఎత్తింది. ఎత్తి, నెత్తి మీద సరిగా కూర్చుందా అని రెండు వైపులా చూసి, "ఎల్లు, నిదానంగా ఎల్లు" అంది.

మధ్యాహ్నం రెండింటికి అత్త ఖాళీ గంప ఊపుకుంటూ వచ్చింది. జాగా దక్కింది. బల్ల వేసుకున్న ఆవిడే పక్కకు జరిగి, బల్ల కూడా ఇస్తానందట. పాత కొనుగోలుదార్లు ఇన్నాళ్ళు ఎక్కడికెళ్ళావని అడిగితే "పురుడు" అని చెప్పిందట. వాళ్ళ ముఖాలు ఎలా మారాయో చేసి చూపిస్తుంటే మా మామ నవ్వగా మొదటిసారి చూశాను.

అన్నానికి అందరం వరసగా కూర్చున్నాం. కోనాం చేప పులుసు పెట్టాను. మామకు, మా ఆయనకు, ముసలమ్మకు, తులసికి ముక్కలు వడ్డించాను. అత్త పళ్ళెంలో మాత్రం ఒట్టి పులుసు పోశాను. కావాలనే చేశాను. ఈ ఎనభై రోజులూ మంచం మీద కూర్చోబెట్టి తినిపించాం, నిజమే. కానీ మంచం తీసేశాక ఏమవుతుందో నాకు తెలియాలి. ఆవిడది, కోనాం తల ముక్క, వంటింట్లో వేరే గిన్నెలో మూతపెట్టి ఉంచాను. రేపటినుంచి మళ్ళీ కుండ అడుగు పులుసేనా అన్న భయం నాకు పొద్దున్నుంచీ ఉంది.

అత్త పులుసన్నం కలిపింది. ఒక ముద్ద తింది. రెండో ముద్ద తింది.  మూడో ముద్ద చేతిలో ఆపి, వరసలో అందరి పళ్ళాలూ ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"ఒసే దేవీ. నా ముక్క ఏదే?"

తేవడానికి లోపలికి వెళ్ళాను. కొంగుతో కళ్ళు తుడుచుకోవడంలో కొంచెం ఆలస్యమైంది. "బేగి తేవే, ఆకలేస్తన్నాది" అని అత్త మళ్ళీ పిలిచింది.